నా తోటికోడలు నేసిన నల్లగుడ్డ

మా తోటికోడలు పోయింది. నేను ఆఫీసుకు బయలుదేరుతూ తల దువ్వుకుంటుంటే మా మరిది స్కూటర్ మీద వచ్చి, గేటు దగ్గరే ఆగి, ఇంజను ఆపకుండానే "వదినా, అయిపోనాది" అన్నాడు. చాలా రోజులుగా ఆమె ఆసుపత్రి మంచం మీదే ఉంది. వెళ్లి వెనక కూర్చున్నాను. బాగ్‌బేరా నుంచి టెల్కో కాలనీలోని ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో ఒకచోట గేటు పడింది. గూడ్సు బండి వెళ్తుంటే మరిది వెనక్కి తిరిగి "తల్లో దువ్వెన ఉంది వదినా" అన్నాడు. తీసి చేతిలో పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు.

మీలో ఈ హిందీవాళ్ల ఫ్యాక్టరీ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు కొందరు ఆమెను చూసే ఉంటారు. వీపు మీద వెదురుబుట్ట, ఆ బుట్టకు కట్టిన పట్టీ నుదుటి మీద, బరువంతా తలతో మోస్తూ జుగ్‌సలాయి బజారులో చకచకా నడిచే పొట్టి మనిషి. ఎవరో నేపాలీ అనుకునేవారు. కాదు, మిజో కొండల మనిషి. మా మరిది కుర్రతనంలో సిల్చర్ నుంచి ఆ కొండల్లోకి సరుకుల లారీ నడిపేవాడు. అవి అక్కడ తిరుగుబాటు గొడవల రోజులు, ఎక్కడ చూసినా మిలిటరీ. ఆ గొడవల్లో ఆమె ఊరు లేకుండా పోయింది. ఊరివాళ్లంతా రోడ్డు పక్కన కొత్తగా వేసిన గుడిసెల్లోకి చేరారు. లారీ ఆగేది అక్కడే. ఇతగాడు టీ తాగడానికి ఆగి పెళ్లి చేసుకుని వచ్చాడు. మొగుడి వెంట కొంగు కప్పుకుని గడప దాటిందని రాద్దామంటే ఆమెకు కొంగే లేదు. నడుముకు చుట్టుకున్న ఎర్రచారల గుడ్డ, పైన రవిక, అంతే.

అప్పుడు మేమంతా బాగ్‌బేరాలో మా ఆయన రైల్వే క్వార్టర్లోనే ఉండేవాళ్లం. మా అత్తగారు కొత్త కోడలిని కిందనుంచి పైదాకా చూసి "ఒరే, ఈ గుంటకి తెలుగొచ్చేటిరా?" అంది.

"నేర్సుకుంటాదమ్మా."

"ఎవుల్దగ్గిర? నువ్వు లారీ ఎక్కి పోతే నాను నేర్పాలా?"

నేర్పింది కూడా అత్తగారే. అందుకే నా తోటికోడలి తెలుగు అచ్చంగా మా అత్తగారి తెలుగు. నా మాటలో చదువు కలిసింది, మా పిల్లల మాటలో హిందీ కలిసింది. ఆమె మాటలో ఏదీ కలవలేదు. మా సొంతూరి వైపు టెక్కలి దాటని ముసలమ్మలా మాట్లాడేది, ఆ కొండముఖం పెట్టుకుని. చుట్టుపక్కల తెలుగువాళ్లు పనిలేకపోయినా ఆమెను పలకరించేది అందుకే.

బజారులో ఆమె బుట్ట చూసి అత్తగారికి తలకొట్టేసినట్టుండేది. "కోడలు బరువు మోత్తంటే అత్త సేతులూపుకుంటూ వత్తందని నలుగురూ అనుకోరేటే?" అనేది. దానికి ఆమె "బరువు నెత్తి మీదుంది గదత్తా, సేతులు కాళీయే. నిన్ను పట్టుకోడానికి" అని, రైలు పట్టాలు దాటేటప్పుడు అత్తగారి చెయ్యి పట్టుకునేది. కళ్లు సరిగా ఆనని అత్తగారు తిడుతూనే ఆ చెయ్యి గట్టిగా పట్టుకునేది.

ఆమె మగ్గం గురించి చెప్పాలి. దానికి కాళ్లు దించే గుంట లేదు, చట్రం లేదు. కొన్ని వెదురు కర్రలు, కత్తిలా నున్నగా చెక్కిన ఒక కొయ్యబద్ద, నడుం వెనక వేసుకునే తోలుపట్టీ. పడుగు ఒక కొస వరండా స్తంభానికి కట్టేది. రెండో కొస తన నడుముకే. కాళ్లు చాపి నేలమీద కూర్చుని వెనక్కి వాలితే దారాలన్నీ బిగుస్తాయి, ముందుకు వంగితే వదులవుతాయి. పేక దూర్చి కొయ్యబద్దతో దబదబా కొట్టేది. మనిషి లేచిందంటే ఇక మగ్గం లేదు, చాపలా చుట్టి మూలన పెట్టేయడమే. చేతులు అందినంత వెడల్పే నేయగలరు గనక గుడ్డ సన్నటి పట్టీలుగా వస్తుంది. రెండు పట్టీలు నేసి, పక్కపక్కన పెట్టి కుడితే ఒక గుడ్డ. దాన్ని వాళ్లు పువాన్ అంటారు.

నేతవాళ్ల ఇళ్లమధ్య పెరిగినదాన్ని, నాకది వింతగా ఉండేది. "ఇదేటి మగ్గమే, నడుం నొప్పెట్టదా?" అని అడిగితే "నొప్పెడతాదప్పా. నొప్పి నేకపోతే గుడ్డ వొదులైపోతాది" అనేది. నన్ను అప్పా అని పిలిచేది, సొంత అక్కను పిలిచినట్టే.

ఆమె పెట్టె ఆమెతోపాటు రాలేదు. మాటలు కాస్త వచ్చాక, మరిదికి తెలిసిన లారీ డ్రైవరు ఒకతను దాన్ని తెచ్చి ఇచ్చాడు. కొత్త కోడలి సారె వచ్చిందని లైనులో ఆడవాళ్లంతా చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. మా వైపు అది మామూలే. పెళ్లికూతురు తెచ్చినవి తలా ఒకసారి పట్టుకుని చూడాలి, బాగున్నా బాగోలేకపోయినా ఒక మాట అనాలి. ఆమె ఒక్కొక్కటే తీసి పరిచింది. తెలుపు మీద ఎర్రని పువ్వుల్లాంటి నేత, వెదురుకర్రల మధ్య నాట్యం ఆడేటప్పుడు కట్టుకునేదట. చలికి కప్పుకునేది ఒకటి. చివరకు అడుగునుంచి నల్లటి గుడ్డ తీసింది. కాటుకలాంటి నలుపు, మధ్యలో ఎరుపు, పసుపు, తెలుపు సన్నటి చారలు. మిగతావన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు. పక్కింటావిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని "ఇదెప్పుడు కట్టుకుంటావమ్మా?" అని అడిగింది.

మా తోటికోడలు వెలిగిపోతున్న ముఖంతో, కొత్తగా నేర్చిన తెలుగులో, అందరికీ వినబడేలా చెప్పింది: "నాను కట్టుకోను. ఆయన సచ్చిపోతే కప్పుతాను."

పక్కింటావిడ ఒళ్లోంచి ఆ గుడ్డ కిందపడింది. ఒక్కొక్కరే లేచి చీరలు దులుపుకుని వెళ్లిపోయారు. ఆమెకు ఏం తప్పు జరిగిందో అర్థం కాలేదు. గుడ్డ నచ్చలేదేమోనని మళ్లీ విప్పి, అంచు నేత అత్తగారికి చూపించబోయింది.

తర్వాత మరిది మాకు చెప్పాడు. వాళ్లలో పెళ్లయి వెళ్లే పిల్ల నల్ల పువాన్ ఒకటి తీసుకెళ్లి తీరాలి. మొగుడు పోయిన రోజున అతని మీద కప్పడానికి. చావు పలకరింపులకు వెళ్లేవాళ్లూ నల్లటిదే కట్టుకుంటారు. అది అపశకునం కాదు వాళ్లకు. చివరిదాకా నీ దగ్గరే ఉంటాను, నిన్ను ఉత్త ఒంటితో పంపను అని పిల్ల మొదటిరోజే ఇచ్చే మాట. ఆ గుడ్డలో ఒక పట్టీ ఆమె నేసింది, రెండోది వాళ్లమ్మ నేసింది. పెట్టె మాకు చేరేనాటికి ఆ అమ్మ లేదు.

ఇదంతా మా అత్తగారికి ఎక్కలేదు. ఎక్కాలని నేనూ అనను. కొడుకు శవం మీద కప్పే గుడ్డ కోడలి పెట్టెలో ఉందంటే ఏ తల్లి నిద్రపోతుంది? మర్నాడు పొద్దున్నే దాన్ని సంచిలో పెట్టుకుని ఖర్కాయి నదికి వెళ్లి, నీళ్లలో వదిలి, పసుపు రాసుకుని తలారా స్నానం చేసి తడిచీరతో ఇంటికి వచ్చింది. వచ్చి ఎవరినీ చూడకుండా పొయ్యి రాజేసుకుంది.

నా తోటికోడలు అరవలేదు. పెట్టె మూతవేసి దానిమీద కూర్చుంది. అన్నం పెట్టుకొచ్చి పక్కన కూర్చుంటే నాతో అంది: "మా యమ్మ సేత్తో నేసింది పోనాదప్పా. అది సరే. ఇప్పుడు ఆయనకి ఏటైనా అయితే నా దగ్గిర ఏటుంది? మావోల్లు నన్ను పెల్లామంటారా?"

మళ్లీ నేస్తానంటే అత్తగారు ఇంట్లోకి నల్లదారం పోగు రానివ్వలేదు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ ఎంతైనా నేసుకోమంది. ఆమె నేసింది కూడా. మా పిల్లల స్కూలు సంచులు, మా ఆయన అన్నం గిన్నె పెట్టుకునే సంచి, తలుపు తెరలు. అత్తగారి మోకాళ్లకు చలికాలం చుట్టుకోవడానికి ఒక మందపాటి గుడ్డ నేసిస్తే అత్తగారు మారుమాట లేకుండా చుట్టుకుంది. కానీ ఆమె మనసు ఆ నేతల్లో లేదు. మరిది లారీ ఎక్కి వెళ్లిన ప్రతిసారీ అతను దిగేదాకా ఆమె రోడ్డు వైపే చూస్తుండేది. మేమూ భయపడేవాళ్లం, కానీ మా భయం అతనికేమవుతుందోనని. ఆమెకు రెండు భయాలు. అతనికేదైనా అవుతుందేమోనని ఒకటి, అయితే కప్పడానికి తన దగ్గర గుడ్డ లేదని ఇంకొకటి. వాళ్లకు పిల్లలు కూడా కలగలేదు. దానికీ అత్తగారు ఆ నల్లగుడ్డనే తిట్టేది.

చివరకు నోరు తెరిచింది మా ఆయన. తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. ఒకరోజు డ్యూటీ దిగివచ్చి టిఫిను సంచి కిందపెడుతూ అన్నారు: "అమ్మా, నాను బీమా కట్టినాను, నీకు తెలుసు గదా?"

"తెలుసు. అయితే?"

"నాను సచ్చిపోవాలని కట్టినానేటి? నాను పోతే నా పెల్లాం పిల్లలు రోడ్డున పడకూడదని కట్టినాను. ఆ పిల్ల కూడా అంతే. దాని బీమా అది నేసుకుంటాది. నీకెందుకు నొప్పి?"

అత్తగారు టిఫిను సంచి అందుకుని లోపలికి వెళ్లింది. మర్నాడు ఆయన జుగ్‌సలాయి నుంచి నల్లదారం తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. తమ్ముడి పెళ్లాంతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. "బాగా బిగించి నెయ్యమ్మా" అన్నారు, అంతే. ఆమె నా వంటింటి వెనక వరండాలో కూర్చుని నేసింది. అత్తగారు ఆ పక్కకు వచ్చినప్పుడు ముఖం తిప్పుకునేది, కానీ వద్దనలేదు. నా తోటికోడలి ముఖం మళ్లీ ముఖంలా అయింది ఆ రోజుల్లోనే. రెండు పట్టీలూ కుట్టి, మడిచి, పెట్టెలో పెట్టి తాళం వేసిన రోజున చారుతో అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.

ఆ గుడ్డ పెట్టెలో పెట్టాక ఎంతోకాలం ఉండలేదు.

మా ఆయన డ్యూటీ దిగి సైకిలు మీద వస్తుంటే స్టేషను రోడ్డులో లారీ కొట్టింది. మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. నేను ఎక్కువ రాయలేను. మా ఆచారం ప్రకారం కొత్త తెల్లగుడ్డ కప్పారు. కప్పిన కాసేపటికే దానిమీద ఎర్రగా మచ్చ కనిపించింది, చూస్తుండగా పెద్దదైంది. ఇంకొకటి తెచ్చి వేశారు. అదీ అంతే. ఎవరో మూడోది తేవడానికి బజారుకు పరిగెత్తారు. నా కూతురూ కొడుకూ గడపలో నిలబడి ఆ మచ్చనే చూస్తున్నారు. ఎవరైనా వాళ్లను లోపలికి తీసుకెళ్తే బాగుండని నేను అనుకుంటున్నాను. నా కొడుకు "పాపా కో దర్ద్ హో రహా హై" అంటున్నాడు, నాన్నకు నొప్పెడుతోందని, అక్కతో, మెల్లగా.

నా తోటికోడలు లోపలికి వెళ్లింది. పెట్టె తాళం తీసిన చప్పుడు విన్నాను. నల్లగుడ్డ తెచ్చి, విప్పి, తన మొగుడి ముఖంలోకి చూసింది. అతని కోసం నేసింది కదా. మరిది ముందుకొచ్చి ఒక అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ దాన్ని మా ఆయన మీద పరిచారు. ఆ నలుపు మీద ఇంక ఏ మచ్చా కనబడలేదు. ఎరుపు, పసుపు, తెలుపు చారలు మాత్రం కనబడుతున్నాయి. పిల్లలు దగ్గరకొచ్చి నాన్న ముఖం చూశారు.

అక్కడున్న ఆడవాళ్లంతా మా అత్తగారి వైపు తిరిగారు, ఇప్పుడు ఏం జరుగుతుందోనని. అత్తగారు కొడుకు తల దగ్గర కూర్చుని ఉంది. గుడ్డ అంచు చేత్తో తడిమింది. తర్వాత "కాళ్లు కనబడతన్నాయి. కిందికి లాగండి" అంది. ఆ గుడ్డతోనే ఆయన్ను చితి మీద పెట్టారు.

నా పిల్లలు తండ్రిని చివరిసారి చూసిన చూపులో రక్తం లేదు. నా తోటికోడలు నాకు చేసిన మేలు అది. దానికి బదులు చేయగలిగింది ఈ లోకంలో నాకు కనబడలేదు.

దినాలు అయ్యాక అడిగాను, "నీ మొగుడికేదే మరి?" అని. "నేత్తాను" అంది. "మొగుడు పోనాడంటే పెల్లాం దగ్గిర ఉండాల. నీ దగ్గిర నేదు గదా. మీవోల్లు నీకియ్యనేదు. నా దగ్గిర ఉంది, కప్పినాను." అంతకంటే దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. మిగతావాళ్లు పొద్దున్నే నా ముఖం చూడాల్సి వస్తుందని పక్కకు తప్పుకునే రోజుల్లో, ఆమె పనిగట్టుకుని తలుపు తీసి నాకు ఎదురొచ్చేది. ఎదురొచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు నిలబడి, "ఏటప్పా, కూరేటి?" అనేది.  

తర్వాత నాకు రైల్వే ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. మరిది దూరాల లారీ మానేసి టెల్కో ఫ్యాక్టరీలో డ్రైవరుగా చేరాడు, టెల్కో కాలనీలో క్వార్టరు వచ్చింది. అత్తగారు చిన్నకొడుకు దగ్గరికి మారింది. నా తోటికోడలు మళ్లీ నల్లదారం పెట్టుకుని కూర్చుంది. ఇప్పుడు అత్తగారు దారం కండెలు చుట్టి ఇచ్చేదని విని నేను నమ్మలేదు. ఒక ఆదివారం వెళ్లి నా కళ్లతో చూశాను. అత్తగారికి కళ్లు ఆనక దారం చిక్కులు పడితే, నా తోటికోడలు ఆ చిక్కులు విడదీసుకుంటోంది.

మొదటి పట్టీ అయింది. రెండోదానికి పడుగు కట్టింది. ఆ రోజుల్లోనే వెనక్కి వాలితే కడుపులో పోటు అని మొదలుపెట్టింది. నేసిన గుడ్డ చుట్టుకునే కర్ర కడుపుకు ఆనుతుంది, సరిగ్గా అక్కడే నొప్పి. మగ్గం వల్లే అనుకుని మధ్యలో దిండు పెట్టుకుంది. మరిది తిట్టాడు, అత్తగారు తిట్టింది. "ఇంకొంచెమే" అనేది. డాక్టరు చెయ్యిపెట్టి చూసి గడ్డ ఉందన్నాడు. పెద్దదన్నాడు. అప్పటికే ఆలస్యమైందని మరిదిని బయటికి పిలిచి చెప్పాడు. ఆసుపత్రి నుంచి ఒకసారి ఇంటికి తీసుకొచ్చారు. మళ్లీ మగ్గం కట్టించుకుని కూర్చుంది, కానీ ఆమె ఒంట్లో వెనక్కి వాలే బలం లేదు. దారాలు బిగుసుకోలేదు. అలా వదులుగా ఉన్న పడుగు ముందు కాసేపు కూర్చుని, నడుం వెనక తోలుపట్టీ విప్పేయమని మొగుడికి చెప్పింది.

చివరిసారి ఆసుపత్రిలో నేను ఆమె తల దువ్వుతుంటే అడిగింది: "నాను ముందెలిపోతే ఆయనకి ఎవులు కప్పుతారప్పా?"

ఊరుకోమన్నాను. ఊరుకోలేదు. "ఒక పట్టీ ఉంది. సగమే. సగమే అయినా పర్వానేదు. మెడ కాడ్నించి కప్పండి. కాళ్లకి మీ తెల్లగుడ్డ ఎయ్యండి" అంది. ఊపిరి తీసుకోవడానికి మధ్యమధ్య ఆగుతూ, ఎక్కడ ఏది కప్పాలో చేత్తో తన ఒంటిమీదే చూపించింది. నేను సరే అన్నాను.

ఆమె క్రైస్తవురాలు. పూడ్చడానికి వచ్చినవాళ్లలో ఆమె కొండల భాష తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. చర్చి నుంచి ఆదివాసీ క్రైస్తవులు కొందరు వచ్చి హిందీలో పాడారు. పాపం, మంచివాళ్లు. ఆమె కొండల్లోనైతే వచ్చినవాళ్లు తలా ఒక పువాన్ తెచ్చి కప్పేవారట. ఇక్కడ ఆసుపత్రి దుప్పటి తీసేసి మేము తెల్లగుడ్డ వేశాం. నాకు మనసు ఒప్పలేదు. అందరి ఒంటికీ గుడ్డ నేసిన మనిషి, తన చేతి నేత పోగైనా లేకుండా వెళ్తోంది. "ఆ నల్లపట్టీ తెచ్చి వేద్దాం" అన్నాను మరిదితో.

"వొద్దు వదినా" అన్నాడు. "అది నాది."

కోపం వచ్చింది. చచ్చిన మనిషి దగ్గర ఈ లెక్కలేంటని అనబోయి అతని ముఖం చూసి ఆగాను. "నాకోసం నేసింది. నా మీదే కప్పాల. అది కూడా నాను ఇచ్చీసేనంటే దాని మాట ఏటైపోతాది?" అన్నాడు. ఆమె తెల్లగుడ్డతోనే వెళ్లింది.

మొన్న టెల్కో వెళ్లాను. తల్లీకొడుకులు ఇద్దరే ఉన్నారు. ఆమె పెట్టె మరిది మంచం కిందే ఉంది. మరిది షిఫ్టుకు వెళ్లాక అత్తగారు దాన్ని ఈవలికి లాగి తెరిచింది. నల్లపట్టీ అన్నింటికంటే పైన ఉంది, ఒక అంచు కుట్టు కోసం విడిచిపెట్టినట్టే ఉంది. చేత్తో తడిమి, మడత సరిచేసి, దాన్ని పెట్టె అడుగుకు దూర్చింది. దానిమీద తన చీరలు పెట్టింది, దుప్పట్లు పెట్టింది, మోకాళ్ల గుడ్డ కూడా పెట్టింది. "ఆడు పైన పెడతాడే" అంది నాతో. "ఆడు పోతే సేతికి అందాలట. రోజూ పైన పెడతాడు." మూత వేసి, పెట్టెను రెండు చేతులతో మంచం కిందికి, గోడ దాకా నెట్టింది.